నీలవేణి చెప్పిన 'హాఁ'

మా ఇంటికీ నీలవేణి వాళ్ల ఇంటికీ మధ్య ఉన్నది ఒక్క గోడ. ఈ రైల్వే క్వార్టర్లు కట్టినవాడికి గోడల మీద పెద్ద నమ్మకం ఉన్నట్టు లేదు, పక్కింట్లో పోపు వేస్తే మా ఇంట్లో తుమ్ములు వస్తాయి. అందుకని నేను చెప్పబోయేదాంట్లో కొంత కళ్లారా చూశాను, కొంత గోడ చెప్పింది, తక్కినదంతా నీలవేణే మా వంటింటి గడప మీద కూర్చుని చెప్పింది.

మాది వరంగల్. మా ఆయనకు రైల్వే అకౌంట్స్‌లో ఉద్యోగం కాబట్టి పెళ్లయ్యాక బిలాస్‌పూర్ వచ్చి ఇక్కడే ముసలిదాన్నయ్యాను. చుట్టూ ఉన్న తెలుగువాళ్లంతా శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి తాతల నాడు రైలు పనికి వచ్చినవాళ్ల సంతానం. వాళ్ల 'ఏటి'ని నేను, నా 'ఏంది'ని వాళ్లు వెక్కిరించుకుంటూ రోజులు గడిపేస్తున్నాం. నన్ను అందరూ ఆండాళ్ పిన్ని అంటారు. ముక్కు మీద కోపం అని కూడా అంటారు, నిజమే. ఇది చెబుతుంటే ఇప్పటికీ వస్తోంది.

నీలవేణి ఈ కాలనీకి కోడలిగా వచ్చినప్పుడు ఇంకా చిన్నపిల్ల. టెక్కలి దగ్గర పల్లెటూరు. తల్లి లేదు, చిన్నప్పుడే పోయింది. తండ్రి పిల్లను లోకో షెడ్డులో పనిచేసే శివాజీ చేతిలో పెట్టి, రైలెక్కి వెళ్లి, మళ్లీ ఇటు తిరిగి చూడలేదు. శివాజీ నెమ్మదస్తుడు. ఎంత నెమ్మదస్తుడంటే, ఇంట్లో ఇద్దరు పోట్లాడుకుంటుంటే డ్యూటీ లేని రోజు కూడా షెడ్డుకు వెళ్లిపోతాడు. అత్తగారు లక్ష్మీనరసమ్మది పెద్ద నోరు, మధ్యరకం మనసు. ఇక శివాజీ అక్క రజిని. అదే కాలనీలో రెండు వరసల అవతల కాపురం. పుట్టింది, చదివింది, పెళ్లాడింది అంతా బిలాస్‌పూర్‌లోనే. హిందీ ఆమెకు మంచినీళ్లు. కూరగాయల వాళ్లతో ఛత్తీస్‌గఢీలో బేరమాడుతుంది. తెలుగు మాత్రం పెళ్లిపత్రిక ఇచ్చినా కూడబలుక్కోవాల్సిందే.

నీలవేణికేమో హిందీ ఒక్క ముక్క రాదు. వచ్చిన కొత్తలో పాలవాడు గిన్నెలో పాలు పోస్తుంటే 'చాలు, చాలు' అంది. హిందీలో 'చాలూ' అంటే సాగనివ్వమని. వాడు సంతోషంగా పోస్తూనే ఉన్నాడు. గిన్నె నిండి, అరుగు తడిసి, పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాక రజిని పరుగెత్తుకొచ్చి 'బస్ భైయ్యా, బస్' అని ఆపింది. ఆ తర్వాత ఇద్దరూ అరుగు మీద కూలబడి నవ్విన నవ్వు మా ఇంటిదాకా వినిపించింది. ఆ రోజు నుంచి రజిని ఆమెకు నోరైపోయింది. బుధవారీ బజార్‌లో చేయి పట్టుకు తిప్పుతూ, ఆనపకాయను లౌకీ అనాలని, తోటకూరను లాల్ భాజీ అంటే ఇస్తాడని, ఎవరైనా 'కైసీ హో' అని కుశలమడిగితే 'ఠీక్ హూఁ' అని ఊరుకోవాలని నేర్పింది. కాలనీలో కొత్తగా వచ్చిన తెలుగు కోడళ్లందరికీ రజినే నోరు, కానీ నీలవేణి సంగతి వేరు. ఆమెకు రజిని వదిన కాదు, లేని తల్లి.

కడుపు పండాక పురిటికి పుట్టింటికి పంపాలి కదా, ఎక్కడికి పంపుతాం అన్న మాట వచ్చింది. అత్తగారు మొహం ముడిచింది. రజిని మాత్రం అందరి ముందూ నీలవేణి తల నిమిరి చెప్పింది.

"పుట్టిల్లు నేకపోతే ఏటి? నానున్నాను కదేటి. నీ పురుడు నాను పోత్తాను."

పురుడు పోస్తానన్న మాట మా ఆడవాళ్లలో చిన్న మాట కాదు. అది తల్లి అనే మాట. నీలవేణి ఆ పూట వచ్చి నాకు చెప్పుకుని ఏడ్చింది. సంతోషంతో ఏడిస్తే ముక్కు ఎంత ఎర్రబడుతుందో ఆ పిల్లను చూశాకే తెలిసింది నాకు.

నొప్పులు మొదలైన రోజు పొద్దున్నే ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. కాన్పుల గది తలుపు దగ్గర నర్సు అడిగింది, "సాథ్ మే కౌన్ హై?" వెంట ఎవరున్నారని. నీలవేణికి అర్థం కాలేదు. రజిని ఆమె భుజం మీద చేయి వేసి "మై హూఁ" అంది. నేనున్నాను అని. ఇద్దరూ లోపలికి వెళ్లారు. మగవాళ్లకు ప్రవేశం లేదు. శివాజీ బయట వేపచెట్టు కింద నిలబడ్డాడు, అది అతనికి బాగా వచ్చిన పని.

ఆ గది గురించి నేనేం చెప్పను? నేనూ కన్నాను ఇద్దరిని. ఆ బల్ల మీద పడుకున్న ఆడదానికి పేరుండదు, సిగ్గుండదు, కప్పుకోవడానికి గుడ్డ ఉండదు. ఎవరు వస్తారో, ఎవరు చూస్తారో, ఎవరు చేయి పెడతారో తెలియదు. అడిగే హక్కు లేదు. బిడ్డను తెచ్చుకోవడానికి వెళ్లిన ప్రతి ఆడదీ బిడ్డతోపాటు ఒక తిట్టు కూడా ఇంటికి తెచ్చుకుంటుంది. బిడ్డను అందరికీ చూపిస్తుంది, తిట్టును కడుపులో దాచుకుంటుంది.

నీలవేణి అదృష్టమో దురదృష్టమో, ఆ తిట్లు ఆమెకు అర్థం కాలేదు. నొప్పి భరించలేక అరిస్తే నర్సు "చిల్లాఓ మత్! ఉస్ వఖ్త్ తో నహీఁ చిల్లాయీ థీ" అంది. అరవకు, ఆ పని చేసేటప్పుడు అరవలేదుగా అని. ఏ కాన్పుల గదిలోనైనా వినిపించే మాటే ఇది. నీలవేణి రజిని వైపు చూసింది.

"ఏటంటన్నాది ఒదినా?"

"దైర్నంగా ఉండమంటన్నాది. బంగారం లాంటి బిడ్డ పుడుద్దంటన్నాది."

నర్సు తొడ మీద ఫెడీమని కొడితే, "అలాగ తడితే బిడ్డ తొరగా దిగుద్దంట" అంది రజిని. నీలవేణి నమ్మింది. నొప్పి పైకెక్కి ఇక ఓర్చుకోలేక "చాలు... చాలు..." అని ఏడిస్తే, నర్సు నవ్వి "హాఁ హాఁ, చాలూ హై" అంది. పని సాగుతోందిలే అని. అప్పుడు మాత్రం రజిని కూడా ఏమీ చెప్పలేదట. పాలగిన్నె గుర్తొచ్చి ఉంటుంది.

ఇంతవరకు రజినిని నేను తప్పు పట్టను. పచ్చి పుండు మీద కారం చల్లే మాటను తేనెలో ముంచి అందించింది. నేనైనా అదే చేసేదాన్ని. కానీ అబద్ధం మంచిపనికి ఒకసారి అలవాటయ్యాక, అది ఏ పనికైనా వస్తుంది.

ఆడపిల్ల పుట్టింది. లాస్య అని పేరు పెట్టారు తర్వాత. బిడ్డ బయటపడ్డాక నీలవేణికి రక్తం చాలా పోయింది. మనిషి తెల్లగా పాలిపోయి, చెమటలు పట్టి, కళ్లు తేలేసింది. నర్సు రజినితో గబగబా ఏదో మాట్లాడింది. అందులో నీలవేణి చెవిన పడ్డ చివరి మాట "లగా దేఁ?"

హిందీలో 'లగానా' అనే మాట మన ఉప్పు లాంటిది, అన్నింట్లోనూ పడుతుంది. సూది లగానా, కుట్లు లగానా, బొట్టు లగానా, తలుపుకు తాళం లగానా. ఏది లగాయించాలో ముందు చెబితేనే అర్థమయ్యేది. ఆ ముందు చెప్పింది నీలవేణికి అందలేదు.

"ఏటంట ఒదినా?"

"ఏటీ నేదు. కుట్లు ఏత్తారంట."

నర్సు ఒప్పుకోలేదు. "ఉసీ సే బులవాఓ" అంది. ఆమె నోటితోనే చెప్పించమని.

"హాఁ అను నీలా, సరే అని."

నీలవేణి బలమంతా కూడదీసుకుని, బళ్లో పాఠం అప్పజెప్పినట్టు గట్టిగా "హాఁ" అంది.

తర్వాత ఇంటికి తెచ్చారు. రజిని మాట తప్పలేదు. పురిటిస్నానాలు చేయించింది, బాలింతలకు పెట్టే కాయం దంచి తినిపించింది, వెల్లుల్లి కారం చేసి పెట్టింది, బిడ్డ ఏడిస్తే తన ఇల్లు వదిలి వచ్చింది. నీలవేణి ఒకరోజు ఆమె చేతులు పట్టుకుని కళ్లకద్దుకోవడం నేను చూశాను. 'అమ్మా' అంది కూడా, గోడ ఇవతలికి వినిపించింది.

లాస్యకు మాటలొచ్చాయి, నడకొచ్చింది, బడికి వెళ్లింది. నీలవేణికి ఇంకో బిడ్డ కావాలి. తనకు తోబుట్టువులు లేరు, ఒంటరిగా పెరిగింది, తన పిల్లకు అలా కాకూడదని ఆమె కోరిక. అది రాలేదు. నెల నెలా కడుపులో మెలిపెట్టే నొప్పి, ఆగని రక్తం మాత్రం వచ్చేవి. లక్ష్మీనరసమ్మ నోరు విప్పింది.

"ఒక్క ఆడగుంటతోటే కడుపు ఎండిపోనాదేటి నీకు? ఏ ముహూర్తాన కాలెట్టినావో."

ఈ మాట రజిని పక్కనుండగానే ఎన్నిసార్లు అందో. రజిని "ఒల్లకోయే అమ్మా" అని ఊరుకోమనేది. అంతకు మించి ఒక్క మాట అనలేదు.

మొక్కులు మొదలయ్యాయి. సోమవారాలు ఉపవాసం. నవరాత్రుల్లో రతన్‌పూర్ మహామాయ గుడికి బిలాస్‌పూర్ నుంచి జనం నడిచి వెళతారు. నీలవేణి కూడా నడిచింది, అదీ రక్తహీనతతో, పాదాలు బొబ్బలెక్కేలా. పక్కన రజిని నడిచింది, కొబ్బరికాయ పట్టుకుని. శివాజీ సెలవు పెట్టి మరీ వచ్చి అమ్మవారి ముందు చేతులు జోడించాడు. ఒకసారి డాక్టరమ్మ దగ్గరికి కూడా తీసుకెళ్లింది రజిని. లోపల హిందీలో తనే మాట్లాడి, రక్తం పట్టడానికి మాత్రలు రాయించి తెచ్చింది. స్కానింగ్ అన్న మాట వస్తే చాలు, "అవన్నీ ఒద్దు, ఆ కరెంటు ఒంట్లోకెల్తే ఉన్న బలం పోద్ది" అనేది. చదువుకున్న మనిషి అలా అంటోందేమిటా అని నాకు చిరాకు వేసేది, అంతే.

ఈ లోపల ఎవరూ పట్టించుకోని సంగతి ఒకటి జరిగింది. నీలవేణికి హిందీ వచ్చేసింది. పిల్ల బడి వాళ్లతో, కూరలమ్మే ఆమెతో, లాల్‌ఖదాన్ నుంచి పనికొచ్చే అమ్మాయితో మాట్లాడి మాట్లాడి, ఒక రోజు చూస్తే అచ్ఛా, అరే అంటూ గడగడా మాట్లాడేస్తోంది. అయినా రజిని ముందు మాత్రం తప్పులే మాట్లాడేది. వదిన దిద్దితే ఆమెకు ఇష్టం.

ఒక ఉపవాసం రోజు కళ్లు తిరిగి మా వరండాలో పడిపోతే నాకు ఒళ్లు మండింది.

"ఏందే ఇది? దేవుళ్లందరూ అయిపోయిన్రు. ఇగ డాక్టరు దగ్గరికి పోతవా, నేను ఈడ్సుకపోవాల్నా?"

"ఎల్తాను పిన్నీ. నానొక్కదాన్నే ఎల్తాను. ఇప్పుడు మాట వొచ్చు కదా" అంది.

మంగ్లా వైపు ఒక స్కానింగ్ సెంటరుకు ఒక్కతే వెళ్లింది. అక్కడి డాక్టరమ్మ కడుపు మీద మిషన్ తిప్పుతూ, తెర వైపు చూస్తూ నవ్విందట.

"కాపర్-టీ లగా కే బచ్చా మాంగ్ రహీ హో?"

గర్భం రాకుండా కాపర్-టీ పెట్టించుకుని బిడ్డ కావాలంటున్నావా అని. నీలవేణి తాను పెట్టించుకోలేదంది. "తో అపనే ఆప్ ఘుస్ గయీ క్యా?" దానంతటదే దూరిందా అంది ఆ మహాతల్లి. తర్వాత నీలవేణి మొహం చూసి నవ్వు ఆపేసింది. కుర్చీ వేసి, నీళ్లిచ్చి, మెల్లగా అడిగింది, "నికాల్ దేఁ?"

తీసేయమంటావా అని. నీలవేణి "హాఁ" అంది.

అక్కడి నుంచి నేరుగా మా ఇంటికే వచ్చింది. చెప్పులు విప్పకుండా గడప మీద కూర్చుంది. ఏమైందే అన్నాను. ఒక్కొక్క హిందీ మాటే బయటికి తీయడం మొదలుపెట్టింది. ఆ రోజు కాన్పుల గదిలో నర్సు అన్న ప్రతి మాటా ఆ పిల్లకు జ్ఞాపకమే. అర్థం తెలియని మంత్రం కంఠతా వచ్చినట్టు, ఆ శబ్దాలన్నీ చెవిలో అలాగే ఉండిపోయాయి. అర్థాలు మాత్రం ఇన్నేళ్లు ఆలస్యంగా, ఆటోలో వస్తుంటే వచ్చాయి.

"ఉస్ వఖ్త్ తో నహీఁ చిల్లాయీ థీ... అంటే అదా పిన్నీ? నానేమో ఆ నర్సమ్మ మంచిదనుకున్నాను. ఎల్లిపోయేముందు కాళ్లకి దండం ఎట్టినాను."

నేను పొయ్యి కట్టేసి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాను.

"కుట్లకి ముందు ఏటన్నాదో తెల్సా? 'ఖూన్ బహుత్ కమ్ హై ఇస్‌కో. సాల్ భర్ మే ఫిర్ పేట్ సే హుయీ తో బచేగీ నహీఁ. కాపర్-టీ లగా దేఁ?' అన్నాది. అప్పుడు నాకు కాపర్-టీ అన్న మాట కూడా తెల్దు. నాను హాఁ అన్నాను. నాకు నానే హాఁ సెప్పీసుకున్నాను పిన్నీ!"

అప్పుడు ఏడ్చింది. మొదటిసారి ఏడ్చినప్పటిలాగే ముక్కు ఎర్రబడింది. రక్తం లేదు కాబట్టి ఏడాదిలోగా మళ్లీ కడుపొస్తే బతకదు, కాపర్-టీ పెట్టమంటారా అని నర్సు అడిగింది. అడగడం న్యాయమే. జవాబు చెప్పాల్సిన మనిషికి ప్రశ్నే చేరలేదు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయినట్టు, ఇంత నమ్మకానికి ఇదా ఫలితం అని నాకు రక్తం ఉడికిపోయింది. అప్పటికప్పుడు రజిని ఇంటికి వెళ్లి నాలుగు దులిపేద్దామని లేచాను. నీలవేణి నా చెంగు పట్టుకుంది.

"నువ్వేటీ అనకు. ఒదిన రేపొత్తాది. నువ్వు మాత్రం ఉండు, నాకు మనిషి కావాలి."

మర్నాడు రజిని గుమ్మడికాయ వడియాలు డబ్బాలో పెట్టుకుని వచ్చింది. లక్ష్మీనరసమ్మ గుడికి వెళ్లింది. నేను మూలన పీట మీద కూర్చున్నాను. నీలవేణి బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండా, పాత రోజుల్లో పాఠం అడిగినట్టే అడిగింది.

"ఒదినా, లగా దేఁ అంటే ఏటి?"

రజిని నవ్వింది. "ఇప్పుడిదేటి? పెట్టీమంటావా, ఏసీమంటావా అని. దేనికన్నా వాడొచ్చు. కుట్లకీ, సూదికీ..."

"మరి ఆ రోజు నర్సమ్మ దేనికి వాడినాది?"

రజిని చేతిలో డబ్బా మూత ఉండిపోయింది. నా వైపు చూసింది. నేను చూపు తిప్పుకోలేదు.

"కుట్లకే కదే..."

"నిన్న తీయించీసినాను ఒదినా."

ఆ మాటతో రజిని కింద కూలబడింది. ముందు కాదంది. తర్వాత మర్చిపోయానంది. ఆ తర్వాత ఏడుస్తూ నిజం చెప్పింది.

"నీ పానం కోసమే సేసినాను. నీ కళ్లు తేలిపోనాయి, నా సేతుల్లోనే పోతావనుకున్నాను. సెప్తే నువ్వు ఒద్దంటావు, పల్లెటూరి దానివి కదా, బయపడతావు. ఏడాది పోయాక నానే తీయించీద్దామనుకున్నాను. దేవుడి మీదొట్టు."

"ఏడాది పోయాక?"

"అప్పటికి మా అమ్మ నిన్ను అనడం మొదలెట్టీసినాది. అప్పుడు సెప్తే నన్ను ఇంట్లో అడుగెట్టనిచ్చునా? నువ్వు మాత్రం... అమ్మా అన్నావు నన్ను. ఏ మొహం పెట్టుకుని సెప్పను?"

"రతన్‌పూర్ నడిసినప్పుడు?"

రజిని వడియాల డబ్బాకు మూత పెట్టింది.

"నా పక్కనే నడిసినావు. నా కాళ్లకి నువ్వే నూని రాసినావు. కొబ్బరికాయ నువ్వే కొట్టినావు. దేవతని కూడా మోసం సేసినావు, నాతో పాటు."

"శివాజీకి తెల్సు" అంది రజిని గబుక్కున. ఎందుకందో నాకు అర్థం కాదు. మునిగేవాడు పక్కవాడి చెయ్యి పట్టుకోవడం అందుకేనేమో. "వాడికి అప్పుడే సెప్పినాను. వాడు ఉండనీ అన్నాడు."

బియ్యం ఏరుతున్న వేళ్లు ఆగిపోయాయి. వదిన మోసం ఒకెత్తు, ఇది ఒకెత్తు.

సాయంత్రం శివాజీ డ్యూటీ దిగి వచ్చాక జరిగింది గోడ చెప్పింది నాకు.

"అప్ప సెప్తానన్నాది. మైనే సోచా, బతా దియా హోగా" అంటున్నాడు శివాజీ. అక్క చెప్పేసి ఉంటుందనుకున్నాడట.

"సెప్తే నాను మొక్కులెందుకు తిరుగుతాను మావా? మీ అమ్మ నన్ను గొడ్డు అంటంటే నువ్వు అన్నం తింటా కూకున్నావు."

అటు నుంచి కుర్చీ జరిపిన చప్పుడు వచ్చింది.

"అమ్మోరి ముందు నా పక్కన నిలబడి దండం ఎట్టినావు. ఏటి మొక్కుకున్నావు?"

ఆ ప్రశ్నకు అతను ఏం చెబుతాడో అని నేను గోడకు చెవి ఆనించి నిలబడ్డాను, సిగ్గు లేకుండా. చెప్పులు వేసుకున్న చప్పుడు, తలుపు చప్పుడు వినిపించాయి. షెడ్డుకు వెళ్లిపోయాడు.

నీలవేణి ఎవరినీ తిట్టలేదు. ఇల్లు విడిచి వెళ్లలేదు, వెళ్లడానికి ఎక్కడుంది కనుక? శివాజీతో కాపురం చేసింది, బిడ్డ కావాలి కాబట్టి. ఆ మాట నాతో అంత పచ్చిగానూ చెప్పింది. లక్ష్మీనరసమ్మకు సంగతి తెలిసి మొదట కూతుర్ని, తర్వాత కొడుకును, చివరికి అలవాటు చొప్పున కోడల్ని తిట్టింది. రజినితో మాత్రం నీలవేణి తెలుగు మానేసింది. రజిని గుమ్మంలోకి వస్తే "ఆయియే దీదీ, బైఠియే" అని కూర్చోమనేది. "చాయ్ లేంగీ ఆప్?" అనేది. పరాయి ఆడవాళ్లతో మాట్లాడే మర్యాద హిందీ, ఒక్క తప్పు లేకుండా. రజిని తెలుగులో ఏడిస్తే ఈమె హిందీలో నీళ్లిచ్చేది. ఒదినా అన్న పిలుపు ఆ ఇంట్లో మళ్లీ వినిపించలేదు. కొట్టినా ఇంత నొప్పి పుట్టదని రజిని నాతో మొత్తుకుంది. పుట్టనీ అన్నాను. నేను మంచిదాన్నని ఎవరూ అనలేదు కదా.

అమ్మవారి దయో, డాక్టరమ్మ దయో, మరుసటి నవరాత్రులకు నీలవేణి మళ్లీ నిండు చూలాలు. ఆ బిడ్డ ఇప్పుడు మా వరండాలో పాకుతూ నా చెప్పులు కొరుకుతున్నాడు, కాబట్టి మీరు భయపడనక్కర్లేదు. నేను చెప్పదలచుకుంది ఆ కాన్పు సంగతి కాదు, దానికి ముందు తలుపు దగ్గర జరిగింది.

మధ్యాహ్నం నొప్పులు వచ్చాయి. శివాజీ డ్యూటీలో ఉన్నాడు. నేను ఆటో పిలిచేసరికి రజిని సంచీతో సిద్ధంగా ఉంది. పాత చీరలు ఉతికి మడిచి పెట్టింది, ఫ్లాస్కులో వేడినీళ్లు పోసింది, కాయం కూడా అప్పటికే దంచి ఉంచిందట. నీలవేణి రమ్మనలేదు, వద్దనలేదు. ముగ్గురం ఒకే ఆటోలో వెళ్లాం. నొప్పి వచ్చినప్పుడల్లా నీలవేణి ఆటో కడ్డీ పట్టుకుంది. రజిని చేయి చాపి ఉంచింది దారి పొడుగునా, ఆ చేయి ఖాళీగానే ఆసుపత్రి చేరింది.

అదే కాన్పుల గది. నర్సు కొత్త మనిషి, ప్రశ్న పాతదే.

"సాథ్ మే కౌన్ హై?"

రజిని ఒక అడుగు ముందుకు వేసింది. సంచీ భుజానికెత్తుకుని నోరు తెరిచింది కూడా. నీలవేణి వెనక్కి తిరిగి చూడలేదు.

"కోయీ నహీఁ" అంది.

నర్సు మా ఇద్దరి వైపు చూసింది. "యే లోగ్?" మరి వీళ్లెవరంది.

"పడోస్ కే హైఁ."

ఇరుగుపొరుగు వాళ్లు. అలా అని గోడ పట్టుకుని, పొట్ట మీద చేయి వేసుకుని, ఒక్కతే లోపలికి నడిచింది. ఆమె వెనక తలుపు మూసుకుంది. అబద్ధమెందుకు, ఆ మాటలో నేనూ ఉన్నాను.

రజిని అక్కడే నిలబడింది. ఈ ఊళ్లో పుట్టి, ఈ భాషలో పెరిగి, సగం కాలనీ ఆడవాళ్లకు నోరైన మనిషి నా వైపు తిరిగింది.

"ఏటన్నాది పిన్నీ?"

ఏమీ లేదులే, ధైర్యంగా ఉండమంటోంది అని చెప్పొచ్చు. ఆమె మొహం చూస్తే ఎవరైనా అలాగే చెబుతారు. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"తన ఎంట ఎవ్వరు లేరన్నది."